చేప జనను గాలానికి ఊరవేయడం ఎలా?

ఇంట్లో మాగాయ పెట్టడం దగ్గరుండి చూసినవాళ్ళకు ఈ పని సగం వచ్చినట్టే. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వేస్తాం. మూడో రోజుకు ఊట దిగుతుంది. ముక్కల్ని పిండి, ఎండబెట్టి, మళ్ళీ ఆ ఊటలోనే వేస్తే తాగినంత తాగి, మెత్తబడిపోకుండా, నమిలితే సాగేలా తయారవుతాయి. అమెరికాలో పసిఫిక్ తీరం వైపు గాలం వేసేవాళ్ళు సాల్మన్ గుడ్లకు చేసేదీ ఇదే. ఎండ ఉండదు, కారం ఉండదు, అంతే తేడా. గుడ్డులోంచి నీళ్ళు లాగి, ఆ నీళ్ళకు ఉప్పు, చక్కెర, రంగు పట్టించి, తిరిగి గుడ్డు చేతే తాగించడం.

పచ్చి జనను, అంటే చేప కడుపులోని గుడ్ల ముద్దను, గాలానికి గుచ్చి చూడండి. రెండుసార్లు విసిరేసరికి పాలలా కారిపోయి గాలం బోసిగా బయటికొస్తుంది. ఊరిన జన అలా కాదు. పొర తోలులా గట్టిపడుతుంది, గుడ్డు గుడ్డును అంటిపెట్టుకుని ఉంటుంది, నీళ్ళలో చాలాసేపు వాసన వదులుతూ నిలుస్తుంది.

నేను ఈ పని నేర్చుకున్నది 2019 సెప్టెంబర్‌లో, సియాటిల్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు. అక్కడి నదుల్లోకి పింక్ సాల్మన్ బేసి సంవత్సరాల్లోనే గుంపులుగా ఎక్కివస్తుంది. నా అదృష్టం కొద్దీ ఆ ఏడు వచ్చింది. పక్కింటి పెద్దాయన గరాజ్‌లో బల్ల మీద గాజు సీసాలు వరసగా పెట్టుకుని, మా అత్తగారు మాగాయ జాడీ దగ్గర కూర్చున్నంత శ్రద్ధగా కూర్చునేవాడు. ఏం చేస్తున్నాడో రెండో రోజుకు అర్థమైంది. హైదరాబాద్ వచ్చాక రవ్వ, బొచ్చె జనతో మొదలుపెట్టాను. మొదటి రెండుసార్లూ పాడుచేశాను. ఎలా పాడయిందో కూడా చెబుతాను, మీ జన మిగులుతుంది.

జన ఎక్కడ, ఎప్పుడు

హైదరాబాద్‌లో సాల్మన్ గుడ్ల కోసం వెతకకండి. సూపర్‌మార్కెట్‌లో ముక్కలుగా అమ్మే సాల్మన్ చాలావరకు పెంపకపు చేప. గుడ్లకు రాకముందే కోసేస్తారు కాబట్టి అందులో జన మాటే లేదు. ఇక దుకాణాల్లో ‘ఇండియన్ సాల్మన్’ అని బోర్డు మీద రాసేది మన మాగ చేప. సముద్రపు చేపే, రుచైనదే. కానీ సాల్మన్‌కూ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

మనకు దొరికేది రవ్వ, బొచ్చె, బంగారుతీగ జన. సాల్మన్ గుడ్డు బఠాణీ గింజంత ఉంటుంది, ఒక్కో గుడ్డును విడిగా చిన్న గాలానికి గుచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. రవ్వ జన అయితే గసగసాలకు కాస్త పెద్ద, ఆవగింజకు కాస్త చిన్న. పేరుకు తగ్గట్టు రవ్వే అనుకోండి. సాల్మన్ కడుపులో గుడ్లు వేలల్లో ఉంటే రవ్వ కడుపులో లక్షల్లో ఉంటాయి. పద్ధతి రెండింటికీ ఒకటే, కాకపోతే ఈ సైజు తేడా వల్ల రెండు మూడు చోట్ల మార్చుకోవాలి.

మన చెరువు చేపలు వానలు పడి కొత్తనీరు వచ్చినప్పుడు గుడ్లు పెడతాయి. అందుకే మే, జూన్ నెలల్లో పొట్టలు నిండుగా కనిపిస్తాయి. మృగశిర కార్తె రోజు మాత్రం మార్కెట్‌కు వెళ్ళకండి. ఆరోజు ఊరంతా చేప తినాల్సిందే. చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఎంతమంది ఉంటారో, రాంనగర్ మార్కెట్‌లో చేప కోసం అంతమంది ఉన్నట్టు అనిపిస్తుంది. కోసేవాళ్ళకు ఊపిరి సలపదు. జనను జాగ్రత్తగా తీయమంటే మీ మొహం కూడా చూడరు. నాలుగు రోజులు ఆగి, మామూలు రోజున తెల్లవారుతూనే వెళ్ళండి.

కోయించేటప్పుడు ముందే చెప్పాలి: “అక్కా, కత్తి లోపలికి దించకు, జన తెగొద్దు.” నేను వెళ్ళే చోట కోసే ఆవిడ ప్రతిసారీ ఒకటే అంటుంది: “గాలానికా సార్? వేంచుకుంటే మంచిగుంటది గదా!” ఆ మాట నిజమే. అందుకే రెండు చేపల జన తీసుకుని ఒకటి మా ఆవిడకు ఇచ్చేస్తాను, అప్పుడు ఇంట్లో గొడవ ఉండదు. గాలం కోసమని గుడ్ల మీదున్న చేపను ప్రత్యేకంగా చంపించడం నాకు ఇష్టం ఉండదు. కూరకు కొన్న చేపలో దొరికిన జన చాలు.

చేతిలోకి తీసుకుని చూడండి. రెండు పాయలూ బిగుతుగా, పొర మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే గుడ్లు జారి బయటికొస్తే బాగా పండిపోయిన జన అన్నమాట, అది ఊరవేతకు నిలవదు. సాల్మన్‌లో కూడా ఇంతే. సముద్రం నుంచి అప్పుడే నదిలోకి వచ్చి వెండిలా మెరుస్తున్న చేప జన బిగుతుగా ఉంటుంది, గుడ్లు పెట్టే చోటికి చేరాక పొర వదులైపోతుంది. చేదు తిత్తి పగిలి పచ్చగా అంటుకున్న జనను తీసుకోకండి. తొట్టిలో విడిగా కుప్ప పోసి అమ్మే జన కూడా వద్దు. ఏ చేపదో, ఎప్పటిదో తెలియదు, పైగా కడిగి ఉంటారు.

ఇక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నది. అలవాటు కొద్దీ నల్లా కింద పెట్టి, కూరకు కడిగినట్టు ఉప్పు, పసుపు వేసి రెండుసార్లు కడిగాను. చేప గుడ్డుకు పుట్టుకతోనే ఒక గుణం ఉంది. మంచినీళ్ళు తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది. చెరువులో పిల్ల పెరగడానికి ఆ గుణం కావాలి, మనకు మాత్రం అదే శత్రువు. మనం లాగాల్సిన నీళ్ళను మనమే పోసినట్టయింది. తెల్లారి చూస్తే డబ్బాలో జన లేదు, జావ ఉంది. కాబట్టి నీళ్ళు తగలనివ్వకండి. మురికి ఉంటే పొడి గుడ్డతో అద్దండి. మార్కెట్ నుంచి తెచ్చేటప్పుడు కూడా పాలిథిన్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టండి. ఐసు కరిగిన నీళ్ళు జనకు తగలకూడదు.

వెలిగారం

మిగతావన్నీ వంటింట్లో ఉండేవే. కొత్తగా కొనాల్సింది బోరాక్స్ ఒక్కటే. ఇంగ్లీషు పేరుతో అడిగితే కిరాణా కొట్టులో తెల్లమొహం వేస్తారు. వెలిగారం అనండి, బేగంబజార్‌లో అయితే సుహాగా అనండి, వెంటనే తీసిస్తారు. కంసాలులు అతుకు పెట్టేటప్పుడు వాడేది ఇదే. పొంగించినది కాదు, పచ్చిది కావాలి, గడ్డలుగా ఇస్తే మెత్తగా పొడి చేసుకోవాలి. పాత రోలు ఏదైనా ఉంటే దానికే కేటాయించండి. వంటింటి మిక్సీ జారు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

గడ్డలుగా చూస్తే వెలిగారం, పటిక ఒకేలా ఉంటాయి. కొట్టువాళ్ళు మార్చి ఇవ్వడం నాకు ఒకసారి జరిగింది. పరీక్ష సులువే. దిష్టి తీయడానికి పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయి కదా, అదే సూత్రం. గ్లాసుడు నీళ్ళలో చిటికెడు పసుపు కలిపి, ఈ పొడి ఒక చెంచా వేసి తిప్పండి. వెలిగారం క్షారం కాబట్టి నీళ్ళు ఇటుక రంగుకు తిరుగుతాయి. పటిక అయితే పసుపు పసుపుగానే ఉంటుంది. క్యారమ్‌బోర్డు మీద చల్లే పౌడరు కూడా వెలిగారం కాదు, అది బోరిక్ ఆమ్లం. ఇంట్లో ఉంది కదా అని అది వేయకండి.

వెలిగారం జనకు రెండు మేలు చేస్తుంది. నీళ్ళు లాగి పొరను బిగిస్తుంది, కుళ్ళు పట్టనివ్వదు. కానీ అది తినే వస్తువు కాదు, తిండి పదార్థాల్లో కలపడం మన దేశంలో నిషేధం. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పొడి చల్లేటప్పుడు మొహం పక్కకు పెట్టండి, వాడిన గిన్నె, చెంచా, కత్తి మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మరీ జాగ్రత్త.

అమెరికాలో కొనుక్కునే రెడీమేడ్ పొడుల్లో సోడియం సల్ఫైట్ కూడా కలిసేది. దానితో గుడ్లు ఇంకా బాగా మెరుస్తాయట. అది పట్టించిన గుడ్లు తిన్న సాల్మన్ పిల్లల్లో కొన్ని చచ్చిపోతున్నాయని ఒరెగాన్‌లో పరీక్షలు చేసి చూశారు. మనకు దాని అవసరం లేదు. వెలిగారం, ఉప్పు, చక్కెరతోనే కావలసినంత పని జరుగుతుంది.

నెత్తురు తీయడం

సాల్మన్ పట్టినవాళ్ళు చేప ఒడ్డుకు రాగానే మొప్పలు కోసి నెత్తురు వదిలేస్తారు. జనలో నెత్తురు ఉండిపోతే రెండు రోజుల్లో నల్లబడి కంపు కొడుతుంది, చేపకు ఆ వాసన పడదు. మార్కెట్‌లో తొట్టిలో బతికున్న చేప కొంటే అక్కడే మొప్పలు కోయించి, రెండు నిమిషాలు తలకిందులుగా పట్టుకోమనండి. ఐసులో పెట్టిన చేపైతే ఆ అవకాశం లేదు, ఇంటి దగ్గర చేయాల్సిందే ఎక్కువ.

జనను పాత న్యూస్‌పేపర్ మీద కాదు, పొడి నూలు గుడ్డ మీద పరచండి. పాయ పొడవునా ఒక ఎర్రని నరం, దానికి కొమ్మల్లా చిన్న నరాలు కనిపిస్తాయి. పెద్ద నరాన్ని గుండుసూదితో ఒకటి రెండు చోట్ల పొడిచి, చెంచా వీపుతో చివరల నుంచి ఆ రంధ్రం వైపు మెల్లగా తోయండి. టూత్‌పేస్ట్ అడుగు నుంచి పిండినట్టు ఉండాలి, నొక్కుడు మాత్రం అంతలో సగం చాలు. నెత్తురు బొట్టు పైకి రాగానే గుడ్డతో అద్దేయండి. ఒక్కో పాయకు ఐదారు నిమిషాలు పడుతుంది. టీవీ చూస్తూ చేసే పని కాదిది, ఒక్క నొక్కు ఎక్కువైతే గుడ్లు చిట్లి చేయంతా జిగురవుతుంది. సన్న నరాల్లో కాస్త మిగిలిపోయినా ఫరవాలేదు, పెద్ద నరం ఖాళీ అయితే చాలు.

పట్టించడం, ఊట

సాల్మన్ జనకు పొర ఒక వైపే ఉంటుంది, రెండో వైపు గుడ్లు బయటికే కనిపిస్తాయి. రవ్వ, బొచ్చె జనకు సంచిలా చుట్టూ పొరే. పొడి లోపలికి పోవాలంటే ఆ సంచిని తెరవాలి. పదునైన కత్తెరతో పాయను పొడవునా ఒక వైపు చీల్చి పుస్తకంలా విప్పండి. తర్వాత రెండంగుళాల ముక్కలు చేయండి. కత్తితో కోస్తే గుడ్లు నలుగుతాయి, కత్తెరే మేలు.

అరకిలో జనకు నేను వాడే లెక్క ఇది: వెలిగారం పొడి 6 టేబుల్ స్పూన్లు, మెత్తగా చేసిన చక్కెర 3, అయోడిన్ కలపని దొడ్డుప్పు పొడి ఒకటిన్నర. రంగు కోసం స్ట్రాబెర్రీ జెల్లీ పొడి 2 స్పూన్లు. సియాటిల్ పెద్దాయన కూడా జెల్లీ పొడే వాడేవాడు. రంగుతోపాటు కాస్త తీపి, కాస్త జిగురు కూడా వస్తాయి. మన బురద నీళ్ళలో రంగు వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. అక్కడి నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి ఎరుపా, గులాబీయా, నారింజా అని వాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. మనకు ముక్కు ముఖ్యం, కన్ను కాదు. కాబట్టి నేను ఒక స్పూను ఎండు వెల్లుల్లి పొడి, అర స్పూను సోంపు పొడి వేస్తాను. సోంపును పోలిన వాసన సాల్మన్‌కు కూడా ఇష్టమని అక్కడివాళ్ళ నమ్మకం, దాని నూనె చిన్న సీసాల్లో అమ్ముతారు.

పొడులన్నీ ముందే కలిపి పెట్టుకోండి. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో ముక్కల్ని పొర కిందికి, గుడ్లు పైకి వచ్చేలా పరిచి, కాకరకాయ ముక్కలకు ఉప్పు చల్లినట్టు చల్లండి. ప్రతి మడతలోకీ పొడి వెళ్ళాలి. పైన ఇంకో వరస, మళ్ళీ పొడి. చేత్తో పిసకకండి. మూత పెట్టి డబ్బానే అటూ ఇటూ తిప్పండి.

పది నిమిషాలకు పొడి తడుస్తుంది. అరగంట దాటేసరికి ముక్కలు గులాబీ రంగు ఊటలో కూర్చుంటాయి. అప్పుడు చూస్తే భయం వేస్తుంది. గుడ్లు ముడుచుకుని, పొర చుట్టుకుపోయి, అంతసేపూ చేసిన పని బూడిదలో పోసినట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే తొందరపడి ఊట పారబోస్తారు. మాగాయ ఊటను ఎవరైనా పారబోస్తారా? ఆగండి. మొదటి గంటలో పది నిమిషాలకోసారి డబ్బాను తలకిందులు చేస్తూ ఉండండి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. రెండు మూడు గంటలకోసారి తిప్పితే చాలు.

సియాటిల్‌లో ఈ పనంతా గరాజ్‌లో, బయటే జరుగుతుంది, అక్కడి చలికి ఏమీ కాదు. మన మే నెలలో గది వేడికి జన రెండు గంటల్లో పులుస్తుంది. నా రెండో వైఫల్యం అదే. వాళ్ళు బల్ల మీద పెట్టారు కదా అని నేనూ బల్ల మీదే పెట్టి మార్కెట్ పని చూసుకుని వచ్చాను. తలుపు తీయగానే సంగతి అర్థమైంది.

24 గంటలకు మూత తీయండి. సాల్మన్ గుడ్లయితే ఈపాటికి ఊటను దాదాపు మొత్తం తాగేసి, మళ్ళీ గుండ్రంగా ఉబ్బి గాజు గోళీల్లా మెరుస్తుంటాయి. రవ్వ జన అంత అందంగా ఉండదు. గుడ్డు చిన్నది కాబట్టి తాగేదీ తక్కువే. నా దగ్గర ప్రతిసారీ కొంత ఊట అడుగున మిగులుతుంది. ముక్కను ఎత్తి చూస్తే వంగాలి కానీ విరగకూడదు, రెండు వేళ్ళ మధ్య మెల్లగా నొక్కితే పాలు కారకూడదు. ఇంకా కారుతుంటే మరో రెండు స్పూన్ల వెలిగారం చల్లి ఇంకో 12 గంటలు ఉంచండి.

ఆరబెట్టడం, దాచడం

ఊట వంచేసి, ముక్కల్ని ప్లాస్టిక్ జల్లెడలో పరిచి ఫ్యాను కింద మూడు నాలుగు గంటలు పెట్టండి. ఎండలో వద్దు. ఎండకు గుడ్డు ఉడికినట్టయి రబ్బరులా తయారవుతుంది, ఈగల సంగతి చెప్పనక్కరలేదు. మామిడి తాండ్ర మీద వేలు పెట్టినప్పుడు ఎలా ఉంటుంది? అంటుకుంటుంది కానీ తడి అంటదు. ఆ పాకం వచ్చాక తీసి, మళ్ళీ కాస్త వెలిగారంలో దొర్లించండి. ఒకదానికొకటి అంటుకోవు.

ఒక్కసారి చేపల వేటకు ఎంత కావాలో అంతే ఒక జిప్ కవరులో వేసి, గాలి తీసి మూసేయండి. ఫ్రిజ్‌లో రెండు వారాలు, ఫ్రీజర్‌లో ఐదారు నెలలు ఢోకా లేదు. ఒకసారి కరిగించినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకండి.

కవరు మీద పేరు రాయడం గురించి కూడా చెప్పాలి. మొదటి ఏడు నేను రాయలేదు. ఒక ఆదివారం మా బామ్మర్ది వచ్చి, ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ కోసం వెతుకుతూ దాన్ని చూశాడు. నేను స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి స్టౌ మీద మూకుడు, మూకుడులో నూనె, పక్కన గిన్నెలో నా ఎర. “బావా, జన ఎప్పుడు తెచ్చావు? ఎంత ఎర్రగా ఉందో! కారం ముందే పట్టించారా?” అని వాడు ఎంతో సంబరంగా అడిగాడు. చేతిలోంచి గిన్నె లాక్కున్నాను. ఆ తర్వాత మా ఆవిడ పెట్టిన షరతు ఇప్పటికీ అమల్లో ఉంది: ఊరవేసిన జన వంటింటి ఫ్రిజ్‌లోకి రాకూడదు. పాత చిన్న ఫ్రిజ్ ఒకటి కొని బాల్కనీలో పెట్టాను. మీకు అంత వీలు లేకపోతే తాళం వేసే స్టీలు డబ్బా తీసుకుని, దాని మీద ‘విషం, గాలానికి మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో అందరికీ చూపించి మరీ లోపల పెట్టండి.

గాలానికి కట్టడం

సాల్మన్‌కు వాడే ముడి చూడముచ్చటగా ఉంటుంది. దారాన్ని గాలం కన్నంలోంచి దూర్చి, కాడ వెంట పట్టుకుని ఏడెనిమిది చుట్లు చుడతారు. రెండో కొసను తిరిగి అదే కన్నంలోంచి దూర్చి, దానితో ఇంకో నాలుగైదు చుట్లు వేసి బిగిస్తారు. ఇప్పుడు దారాన్ని కన్నం వైపు కాస్త వెనక్కి తోస్తే కాడ పక్కన ఒక ఉచ్చు తెరుచుకుంటుంది. జన ముక్కను ఆ ఉచ్చులో పెట్టి దారం లాగితే పట్టేసుకుంటుంది. ముక్కకు గాలం గుచ్చాల్సిన పని లేదు, చిరగదు.

మన జనకు ఈ ఉచ్చు ఒక్కటే చాలదు. గుడ్డు మరీ చిన్నది, ఎంత ఊరినా చిన్న చేపలు వచ్చి పొడిచి పొడిచి ఖాళీ చేస్తాయి. దీనికి వల గుడ్డ కావాలి. కోఠి, సుల్తాన్‌బజార్‌లో చున్నీలకు, పెళ్ళి అలంకరణకు మీటర్ల లెక్కన అమ్మే మెత్తని నెట్టు గుడ్డ తీసుకోండి. అర మీటరు కొంటే రెండేళ్ళు వస్తుంది. మూడంగుళాల చదరాలు కోసి, మధ్యలో రేగుపండంత ముక్క పెట్టి, నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి, పూసల గాజులు గుచ్చే సన్నని ఎలాస్టిక్ దారంతో వెంకన్నకు ముడుపు కట్టినట్టు కట్టేయండి. దారాన్ని పది చుట్లు సాగదీసి చుట్టి వదిలితే అదే బిగుసుకుంటుంది. కొసలు దగ్గరగా కత్తిరించండి. ఇలా ఇంట్లోనే ఒక ఇరవై ముడుపులు కట్టుకుని వెళ్తే ఒడ్డున జిగురు చేతులతో తంటాలు పడక్కరలేదు. గాలాన్ని ముడుపు మెడ దగ్గర గుచ్చి, ముల్లు బయటికి కనిపించేలా ఉంచండి.

ఎక్కడ, ఏ చేపకు

రవ్వకు, బొచ్చెకు ఈ ఎర పెట్టి కూర్చోకండి. వాటికి తవుడు, పిండి ముద్దలే సరి. కొర్రమీనుకు కదిలేది కావాలి, కప్పపిల్ల కనబడితే చాలు, జన వైపు కన్నెత్తి చూడదు. తెలంగాణ రాష్ట్ర చేప కదా, ఆ మాత్రం దర్జా ఉంటుంది. జన పని చేసేది వాసన పట్టి అడుగున తిరిగే చేపలకు: వాలుగ, జెల్ల, అప్పుడప్పుడు బంగారుతీగ. కాబట్టి బెండు వద్దు. సీసపు గుండు వేసి అడుగుకు దించండి, పొద్దుగూకే వేళ చూసుకోండి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే చేయి రెండు రోజులు సలుపుతుంది, విప్పేటప్పుడు గుడ్డతో పట్టుకోండి.

గండిపేట, హిమాయత్‌సాగర్ మాత్రం వదిలేయండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ రెండూ ఊరికి తాగునీరు ఇచ్చిన చెరువులు. వెలిగారం పట్టించిన ఎరను అలాంటి నీళ్ళలో వేయడం నాకు సమ్మతం కాదు. మంజీరా వైపు అభయారణ్యం, మొసళ్ళూ ఉన్నాయి. ఊరి చెరువైతే చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. సంఘం వాళ్ళను ముందు అడగండి, చాలాచోట్ల మర్యాదగా అడిగితే కాదనరు. ఊరి చుట్టుపక్కల డబ్బులు తీసుకుని గాలం వేయనిచ్చే ప్రైవేటు కుంటలు కూడా ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళకు అవే హాయి, ఎవరితోనూ మాట పడక్కరలేదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు అక్కడే చేసి చూద్దామనుకునేవాళ్ళు ముందు లైసెన్స్ తీసుకోవాలి. ఏ నదిలో ఏ నెలలో ఎర వాడవచ్చో నది నదికీ రూలు వేరు, కొన్నిచోట్ల అసలు ఎరే వేయనివ్వరు. గాలం జోలికి పోకుండా ఊరికే చూడాలన్నా సరే, సియాటిల్ దగ్గర ఇసాక్వా హేచరీకి (చేపపిల్లల్ని పొదిగించే కేంద్రం) సెప్టెంబర్, అక్టోబర్‌లలో వెళ్ళండి. ఊరి మధ్య వాగులో, మీ కాళ్ళ కిందే సాల్మన్ ఎదురీదుతూ కనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చిన సాల్మన్ తిండి మానేస్తుంది. అయినా గుడ్ల ఎరను ఎందుకు పడుతుందో తలా ఒక కారణం చెబుతారు. కోపమని కొందరు, పాత అలవాటని కొందరు. వాటి వెనకే వచ్చే ట్రౌట్ చేపల సంగతి మాత్రం తేలికే, కొట్టుకొచ్చే గుడ్లు తినడానికే అవి వస్తాయి.

మిగిలిన ఊట గురించి ఒక్కటి. చెరువులో పోయకండి, మొక్కలకూ పోయకండి. చేప కడిగిన నీళ్ళు మంచి ఎరువు కదా అని మొదటి ఏడు నేను ఊటంతా బాల్కనీలో కరివేపాకు కుండీలో పోశాను. వారం తిరిగేసరికి ఆకుల అంచులు మాడడం మొదలైంది, నెలాఖరుకు పుల్ల మిగిలింది. వెలిగారం ఎక్కువైతే మొక్కను చంపుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఊటను రంపపు పొట్టులో పీల్చబెట్టి, కవరులో మూతి కట్టి, మీద విషమని రాసి విడిగా చెత్త బండికి ఇస్తున్నాను. కుండీలో మట్టి మొత్తం మార్చి కొత్త కరివేపాకు పెట్టాం. అది నాటింది మా ఆవిడ. నీళ్ళు కూడా ఆవిడే పోస్తుంది, నన్ను దగ్గరికి రానివ్వదు.